గుర్రు లేని పెట్టె

వడ్డాణం కనపడకుండా పోయినప్పటి నుంచి దేవేంద్రప్ప ఇంట్లో ముద్ద ముట్టలేదు. పడక అంగట్లో, తిండి మూలమీది హోటల్లో. ఇంటి నుంచి వెళ్లిన క్యారియరు మూత తీయకుండానే తిరిగి వస్తోంది. కర్నూలు రాజధాని అయ్యాక ఊళ్లో హోటళ్లకు కొదవ లేదు గనక, అలిగిన మగవాళ్లకు ఆకలి బాధ లేకుండా పోయింది.

ఆ రోజు క్యారియరు తిరిగి తెచ్చిన ఏసేపు ఒక కబురు కూడా తెచ్చాడు. వాళ్ల మైకుసెట్టు అంగట్లో చెట్లెక్కి బాకాలు కట్టేది ఏసేపే. ఎంత పెద్ద చింతచెట్టయినా చెప్పగానే ఎక్కేవాడు, ఆ పూట గడప దాటడానికి వెనకాడాడు. నందికొట్కూరు నుంచి మేనమామ గురుస్వామి దిగాడని, పొద్దు వాలేలోగా అన్నదమ్ములకు పంపకాలు జరుగుతాయని నేల చూస్తూ చెప్పాడు.

"చిన్నాయన కట్టుబట్టల్తో పోవాలంట" అన్న ముక్క మాత్రం గబగబా అనేసి వెళ్లిపోయాడు.

సుబ్బరత్నమ్మ పొయ్యి ముందు నుంచి లేవలేదు. ఆమె దేవేంద్రప్ప భార్యగా ఈ ఇంట్లో కాలుపెట్టిన నాటికి మరిది మహానందికి చొక్కా గుండీలు పెట్టుకోవడం కూడా రాదు. పెంచింది ఆమె. ఇప్పుడు ఆ మరిదిని వీధి వీధంతా దొంగ అంటుంటే, కాదని చెప్పగలిగిన మనిషి ఆమె ఒక్కతే. ఆ ఒక్క మనిషీ నోరు కట్టేసుకుని సంగటి కెలుకుతూ కూర్చుంది.

ఎందుకంటే, వడ్డాణం ఇచ్చింది ఆమే.

పాత సెట్టుకు వాల్వులు కొనడానికి మద్రాసు బయల్దేరిన మహానంది చేతిలో తన చేత్తోనే పెట్టింది. నువ్వు ఎప్పుడూ చెబుతావే, ఆ ఇంగ్లండు యాంప్లిఫయరు, అది పట్టుకురా, మీ అన్నకు నేను చెప్పుకుంటాను అంది. చెప్పుకోలేకపోయింది. ఆమె నోరు తెరిచేలోగా దేవేంద్రప్ప నగల పెట్టె తెరిచాడు. నలుగురూ ఉండగానే తమ్ముణ్ణి నిలదీశాడు. మహానంది తల వంచుకుని, వడ్డాణం అమ్మి ఈ మిషను తెచ్చానన్నాడు. అందులో అబద్ధం లేదు. ఎవరిచ్చారన్నది మాత్రం మింగేశాడు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇక్కడ దొంగ కాని దొంగ రెండు చేతులూ చాపి పట్టుబడ్డాడు.

ఆ మిషను వసారాలో వేరుశనక్కాయల బస్తా మీద కూర్చుని ఉంది. దాని మీద దుప్పటి కప్పింది మహానంది భార్య కృష్ణవేణి. దుమ్ము పడుతుందని కాదు, చూస్తే కడుపు మండుతుందని.

కృష్ణవేణి అప్పుడే ట్రంకుపెట్టె మూసి వంటింటి గడపలోకి వచ్చి నిలబడింది. మధ్యాహ్నం బస్సుకు జమ్మలమడుగు, పుట్టింటికి పోతానంది. మొగుడు వెంట వస్తే సరి, రాకపోతే ఆ పెట్టెతోనే కాపరం చేసుకోమంది.

"అక్కా, పోయింది నీ సొమ్ము. నీ నోట్లోనుంచి తిట్టు గూడా రాల్యా. నువ్వు ఒక్క మాట చెప్తే బావ ఇంటాడు. ఎందుకు చెప్పవు?"

సుబ్బరత్నమ్మ సంగటికట్టె పక్కన పెట్టి, ముద్దలు చేయడానికి చేతులు తడుపుకుంది. తోడికోడలు కాసేపు చూసి వెళ్లిపోయింది. వసారాలో ట్రంకుపెట్టె జరిపిన చప్పుడయింది.

ఏమని చెబుతుంది? నేనిచ్చాను అంటే, ఎందుకిచ్చావు అంటారు. ఆ రెండో ప్రశ్నే ఆమెకు భయం.

దేవేంద్రప్పకు మైకుసెట్టు అంగడి కూటి కోసం. ప్రాణం మాత్రం నాటకాల మీద. రాజు వేషం కట్టి పద్యం ఎత్తుకున్నాడంటే, రాగం ఆగేదాకా జనం ఊపిరి బిగబట్టి కూర్చునేవాళ్లు. మైకుల్లేని రోజుల్లో, మూడూళ్లకు వినపడిందని పేరు తెచ్చుకున్న గొంతు అది. ఆ పేరే ఆ గొంతును తినేసింది. మైకు వచ్చాక కూడా ఆయన అరవడం మానలేదు. పాత బళ్లారి సెట్టు అరిస్తే తప్ప పలికేది కాదు. పోయిన ఏడు నుంచి పై స్థాయికి వెళ్లగానే గొంతు చీలుతోంది. అక్కడికొచ్చేసరికి ఆయన చేయి ఎత్తి హార్మోనియానికి వదిలేస్తున్నాడు. జనం అదో కొత్త పద్ధతనుకుని చప్పట్లు కొడుతున్నారు.

ఆసుపత్రికి భార్యాభర్తలిద్దరే వెళ్లారు. ఇంక అరిచి పాడవద్దని డాక్టరు చెప్పాడు. బయటికొచ్చాక వేపచెట్టు కింద దేవేంద్రప్ప భార్య చేత తన చేతిలో చెయ్యి వేయించుకున్నాడు, ఈ మాట మూడో చెవిన పడకూడదని. కరక్కాయ బుగ్గన పెట్టుకుంటే, మిరియాల కషాయం తాగితే వచ్చే ఏటికి సర్దుకుంటుందని ఆయన నమ్మకం. సర్దుకుంటుందనే ఆమె కూడా అంటూ వచ్చింది. అనడం వేరు, నమ్మడం వేరు. ఆయన గొంతు ఇంక తిరిగి రాదని ఆమెకు ఎప్పుడో అర్థమైంది. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు, వడ్డాణం మాత్రం చెప్పేస్తుంది. నీ గొంతు మీద ఆశ వదులుకుని మిషను తెప్పించాను అని ఏ పెళ్లాం మొగుడి మొహాన చెప్పగలదు?

అటు చూస్తే మొగుడి పరువు, ఇటు చూస్తే కన్నబిడ్డలాంటి మరిది బతుకు. అడకత్తెరలో పోకచెక్కకైనా రెండు వైపులే నొప్పి. ఆమెకు మధ్యలో కూడా నొప్పే.

గురుస్వామి ఎండ నెత్తికెక్కే వేళకు వచ్చాడు. అరుగు మీద కూర్చుని, చెంబెడు మజ్జిగ తాగి, మీసాలు తుడుచుకున్నాడు. ఆయనదో పద్ధతి. మేకపోతు తగాదా వచ్చినా, మేకపోతును కళ్లతో చూడకుండా తీర్పు చెప్పడు. కొమ్ములు పట్టుకుని చూస్తాడు, పళ్లు చూస్తాడు. ఆ అలవాటు కొద్దీ, ఏదీ ఆ మిషను, దుప్పటి తీయమన్నాడు.

దేవేంద్రప్ప ఇంట్లోకి రాలేదు. మెట్ల కింద వీధిలోనే నిలబడ్డాడు, తల మీద తుండుగుడ్డ వేసుకుని. ఆయన పక్కన నాటకాల కాంట్రాక్టరు హనుమన్న ఉన్నాడు. కోసిగిలో ఆడే నాటకానికి సెట్టూ, రాజు వేషమూ ఒకేసారి ఖాయం చేసుకుపోదామని వచ్చి, ఈ తగాదాలో ఇరుక్కున్నాడు.

మహానంది దుప్పటి తీశాడు. బూడిదరంగు ఇనుప పెట్టె. ముందు నాలుగు గుండ్రటి తిప్పుడుమరలు, ఒక చిన్న ఎర్రదీపం. గురుస్వామి ఒక మర తిప్పి చూశాడు. పళ్లు కనపడకపోయేసరికి ఆయనకు ఏం చూడాలో తోచలేదు. ఈ పెట్టె ధరకు రెండు జతల ఒంగోలు ఎద్దులు రావా అని అడిగాడు. వస్తాయని మహానంది ఒప్పుకున్నాడు.

"మరి ఇది ఏం చేస్తాదిరా, ఎద్దులు చేయనిది?"

మహానందికి కావలసింది ఆ ప్రశ్నే. చెప్పడం మొదలుపెట్టాడు. మద్రాసులో ఒక సభలో విన్నాడట. పాడే ఆయన పక్కనున్న బిడ్డకు కథ చెప్పినట్టు పాడుతుంటే, కడపటి వరసలో కూర్చున్నవాళ్లకు ఆయన ఊపిరి తీసుకోవడం కూడా వినపడిందట. పాత సెట్టు మాటను పెద్దది చేస్తుంది, మాటతో పాటు రొద కూడా పెద్దది చేస్తుంది. ఇది మాటను మాటగానే పెద్దది చేస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, దీనికి గుర్రు లేదు.

ఆ గుర్రు సంగతి ఆ వీధిలో అందరికీ తెలుసు. బళ్లారి సెట్టు మీట నొక్కగానే, నిద్రపోయే ముసలివాడిలా గుర్రుమంటూ ఉంటుంది, మాట్లాడినా మాట్లాడకపోయినా. ఆ ఇంటి ఆడవాళ్లు కూడా చెవితోనే కనిపెట్టేస్తారు. గుర్రుమంటుంటే మైకు దగ్గర నోరు మూసుకోవాలి, గుర్రు ఆగితే ఇంటి మాటలు మాట్లాడుకోవచ్చు.

దేవేంద్రప్ప అప్పుడు నోరు విప్పాడు. ఆయన మాటలు ఈ మధ్య పొదుపు. జనం దాన్ని కోపం అనుకుంటారు.

"గుర్రు లేకుంటే సెట్టు బతికుండాదో సచ్చిందో ఎట్ల తెలుస్తాది? గుర్రు పోగొట్టేదానికి ఇంటి ఆడదాని నడుము సొమ్ము అమ్ముతావా?"

హనుమన్న పక్కన నవ్వాడు. తన గిరాకీల సంగతి ఆయన చెప్పాడు. కోసిగి వైపు గానీ, నందికొట్కూరు వైపు గానీ సెట్టు మాట్లాడుకోవడానికి వచ్చినవాడు అడిగేది ఒక్కటే, ఎన్ని ఊర్లకు ఇనపడ్తాది అని. రెండూళ్లు అంటే ఒక బాడుగ, మూడూళ్లు అంటే ఇంకో బాడుగ. ఊపిరి వినపడుతుందా అని అడిగినవాణ్ణి తానింతవరకు చూడలేదన్నాడు.

గురుస్వామికి దారి దొరికింది. అట్లయితే దాన్నే చూద్దామన్నాడు. హంద్రీ ఏట్లో నీళ్లు లేవు, ఇసుక బయలు ఉంది. పాత సెట్టు ఎంత దూరం వినపడుతుందో, కొత్తది ఎంత దూరం వినపడుతుందో అందరి ముందూ తేల్చాలి. కొత్తది గెలిస్తే మహానంది చేసింది తప్పయినా ఇంటికి పనికొచ్చే తప్పు, క్షమించాలి. ఓడితే మిషనుతో సహా మహానంది ఇల్లు వదలాలి. సొమ్ము సుబ్బరత్నమ్మది కాబట్టి ఆడవాళ్లూ రావాలి. కృష్ణవేణి బస్సు ఒక పూట ఆగాలి.

తర్వాత ఆయన గడప వైపు తిరిగాడు.

"ఏమ్మా సుబ్బరత్నా, సొమ్ము నీది. నువ్వేమంటావు?"

సుబ్బరత్నమ్మ తలుపు చెక్క పట్టుకుని ఉంది. మహానంది ఆమె వైపు చూడలేదు. చూస్తే ఎక్కడ బయటపడిపోతుందోనని గోడ వైపు చూస్తున్నాడు. వీధిలోంచి దేవేంద్రప్ప మాత్రం చూశాడు, ఇన్ని రోజుల తర్వాత మొదటిసారి. ఆ చూపులో కోపం లేదు. వేపచెట్టు కింద చెయ్యి వేయించుకున్న మనిషే ఉన్నాడు.

"మీరు పెద్దోళ్లు" అంది ఆమె.

హంద్రీ ఒడ్డున ఉన్న నూనె మిల్లు నుంచి కరెంటు తీగ లాగారు. మిల్లు గోడ నీడలో బల్ల వేసి రెండు సెట్లూ పెట్టారు. ముందు ఇసుకలో రెండు వెదురు బొంగులు పాతి, బాకాలను ఏటి వైపు తిప్పి కట్టాడు ఏసేపు. వేసవి చివరి రోజులు. పడమటి ఎండ ఇసుక మీద ఇంకా కాలుతోంది. పని లేనివాళ్లూ, పని ఎగ్గొట్టినవాళ్లూ కలిసి చిన్న తిరునాళ్లే అయింది. ఎద్దుల బండి నీడలో గురుస్వామి, హనుమన్న, ఇంకొందరు పెద్దలు కూర్చున్నారు. దేవేంద్రప్ప వాళ్లకు కాస్త ఎడంగా, బాకాల ఎదుట ఇసుకలో నిలబడ్డాడు.

గొంతు ఒకటే ఉండాలి, మిషన్లు రెండు, అప్పుడే న్యాయం అన్నాడు గురుస్వామి. మిల్లులో కాటా దగ్గర బస్తాలు లెక్క కేకవేసే తిమ్మన్నను పిలిచారు. ఏసేపు తుండుగుడ్డ తీసుకుని ఇసుకలో నడుస్తూ పోవాలి. మాట వినపడినంతసేపూ గుడ్డ ఊపాలి.

పాత సెట్టు గుర్రుమంది. తిమ్మన్న మైకు పట్టుకుని తన పేరూ తండ్రి పేరూ అరిచాడు. బాకాలు కీచుమన్నాయి. కాకులు లేచాయి. ఏసేపు అవతలి ఒడ్డు ఎక్కి, తుమ్మచెట్ల మధ్య చుక్కంత అయ్యేదాకా గుడ్డ ఊపుతూనే ఉన్నాడు.

కొత్త సెట్టు పెట్టారు. అరవొద్దని, మామూలుగా మాట్లాడమని మహానంది బతిమాలాడు. మామూలుగా మాట్లాడటం తిమ్మన్నకు ఏనాడూ అలవాటు లేదు. మళ్లీ అదే అరుపు అరిచాడు. కీచుదనం లేదు, రొద లేదు. కానీ కీచుదనమే ఎక్కువ దూరం పోతుందన్న సంగతి ఆ సాయంత్రం తేలిపోయింది. ఏసేపు ఈసారి ఒడ్డు ఎక్కకముందే గుడ్డ ఆపేశాడు.

బండి నీడలో నవ్వులు లేచాయి. రెండు జతల ఎద్దులు ఏట్లో కొట్టుకుపోయాయని ఎవరో అన్నారు.

మహానంది మొహం ఎర్రబడింది. తప్పు మిషనుది కాదు, బాకాలది అన్నాడు. ఈ పాత బాకాలు ఏ మాటనైనా రేకు డబ్బాలో వేసి కొట్టినట్టే చేస్తాయి. దీనికి తగిన చెక్క స్పీకరు వేరే ఉంది, మద్రాసులోనే దొరుకుతుంది. అది అనవలసిన సమయం కాదని అన్నాక తెలిసింది.

"ఇంటివా మామా" అన్నాడు దేవేంద్రప్ప, మామ వైపు తిరిగి. "ఎద్దును తెచ్చినాడు. ఇంగ దానికి గచ్చు కొట్టం కట్టియ్యమంటాండాడు."

అయినా మహానంది వదల్లేదు. రోట్లో తల పెట్టినవాడు రోకటిపోటుకు వెరవడు. బాకాలు మరీ ఎత్తుకు చూస్తున్నాయి, కిందికి వంచి కడతాను, తిమ్మన్న వద్దు, ఎవరైనా మనిషి మాట్లాడినట్టు మాట్లాడితే చాలు, ఒక్కసారి వినండి అన్నాడు. శబ్దం పెంచే మర పూర్తిగా తిప్పి ఉంచి, తిరిగి వస్తున్న ఏసేపును కేకేస్తూ వెదురు బొంగుల దగ్గరికి పరుగెత్తాడు. గురుస్వామి ఒప్పుకున్నట్టూ లేదు, కాదన్నట్టూ లేదు. ఈలోగా పంపకాల మాట ఎత్తాడు. వంటసామాను సంగతి, రెండు గదుల సంగతి.

తిమ్మన్న బస్తాల దగ్గరికి వెళ్లిపోయాడు. బల్ల దగ్గర ఆడవాళ్లిద్దరే మిగిలారు. మంచినీళ్ల బిందె తెచ్చి నీడలో పెట్టి, దాని పక్కనే కూర్చున్నారు. వాళ్ల మొహాలకు జానెడు ఎత్తున బల్ల అంచు, అంచు మీద మైకు.

కృష్ణవేణి ఏడవడం లేదు. ఏడుపు దాటిపోయి, గొంతు పొడిగా ఉంది.

"ఇదే కడసారి అడుగుతాండానక్కా. రేపు నా కడుపున బిడ్డ పుడితే, నీ నాయన వదిన సొమ్ము దొంగిలించినాడంట అని ఊరు చెప్తాది. ఆ బిడ్డకు నేనేం చెప్పాల?"

సుబ్బరత్నమ్మ చూపు ఆ పిల్ల నడుము మీదికి పోయింది. కడుపున ఉందా అని అడగబోయి, ఆ పిల్ల కళ్లు చూసి అడగక్కర్లేదని ఊరుకుంది. మగవాళ్ల వైపు చూసింది. దూరంగా మరిది బొంగు పట్టుకుని నిలబడ్డాడు, ఏసేపు పైన తాడు విప్పుతున్నాడు. తలెత్తి పెట్టె వైపు చూసింది, చెవి పెట్టి వింది. గుర్రు లేదు. చీమ చిటుక్కుమన్న చప్పుడైనా లేదు. ఎర్రదీపం వెలుగుతూనే ఉంది గానీ, గోడ పక్కనుంచి బల్ల మీదికి జారిన పడమటి ఎండ సూటిగా పడి అది కనిపించలేదు. మైకుసెట్టు ఇంటికి కోడలుగా వచ్చి ఇన్నేళ్లు కాపరం చేసిన మనిషి. సెట్టు ఆపేసి పోయాడనే అనుకుంది.

తోడికోడలి చెవి దగ్గరికి వంగింది.

"నీ మొగుడు దొంగ కాదే పిల్లా. వడ్డాణం నేనే ఇచ్చినా. నా చేతుల్తో ఇచ్చినా."

కృష్ణవేణి వెనక్కి జరిగి ఆమె మొహం చూసింది. ఎందుకని పెదవులు మాత్రం కదిపింది.

"మీ బావ గొంతు పోయిందే. డాక్టరు చెప్పినాడు. ఆయప్ప వచ్చే ఏటికి వస్తాదనుకుంటాండాడు. రాదు. నాకు తెలుసు, రాదు. ఈ మిషనులో అయితే అరిచే పని లేదంట, ఇట్ల నేను నీతో చెప్తాండానే, ఇట్లనే మెల్లగా పాడొచ్చంట. అందుకే ఇచ్చినా. ఈ మాట బయటికి రానియ్యాకు. తెలిస్తే ఆ మనిషి బతకడు."

పెదవి దాటితే పృథివి దాటుతుందని పెద్దలు అన్నప్పుడు మైకులు లేవు.

మొదట తెలుసుకున్నది కృష్ణవేణి. బండి నీడలో మాటలు ఆగిపోయాయి. నవ్వుతున్నవాళ్లు నవ్వు ఆపారు. ఏసేపు బొంగు మీదే తాడు పట్టుకుని బిగుసుకుపోయాడు. మహానంది ఇసుకలో పడుతూ లేస్తూ బల్ల వైపు పరుగెత్తుకొస్తున్నాడు, రెండు చేతులూ ఊపుతూ. బాకాల వెనక కూర్చున్న సుబ్బరత్నమ్మకు అప్పుడు వినపడింది, తన చివరి మాట అవతలి ఒడ్డుకు కొట్టుకుని తిరిగి రావడం. బతకడు.

ఆమె లేచి నిలబడింది. మైకును రెండు చేతులతో మూసింది. ఇంక మూసి ఏం లాభం?

ఆ సాయంత్రం ఆ మిషను ధర గురించి ఇంకెవరూ అడగలేదు. రెండు జతల ఎద్దులు చేయలేని పని అది చేసి చూపించింది.

హనుమన్న వ్యాపారస్తుడు. అందరికంటే ముందు తేరుకున్నాడు. లేచి, పంచెకంటిన ఇసుక దులుపుకుని, దేవేంద్రప్ప దగ్గరికి వచ్చాడు. గొంతు తగ్గించాడు, మర్యాదగానే మాట్లాడాడు.

"దేవేంద్రప్పా, ఆయమ్మ ఊపిరి గూడా ఇనపడె గదప్పా. కోసిగికి ఈ సెట్టే పంపు. బాడుగ నువ్వు ఎంతంటే అంత." కాస్త ఆగాడు. "రాజు యేషానికి నేను ఇంకో మనిషిని చూసుకుంటా. నువ్వు ఏమనుకోవాకు."

దేవేంద్రప్ప ఏమీ అనుకున్నట్టు కనపడలేదు. తల మీది తుండుగుడ్డ తీసి భుజం మీద వేసుకున్నాడు. ఇసుకలో నడిచి బల్ల దగ్గరికి వచ్చాడు. మహానంది అడ్డం వచ్చి అన్నా అన్నాడు. ఆయన తమ్ముడి భుజం మీద చెయ్యి వేసి పక్కకు జరిపాడు. ఆ చెయ్యి భుజం మీద కాసేపు అట్లాగే ఉంది. తర్వాత సుబ్బరత్నమ్మ చేతులు మైకు మీద నుంచి ఒక్కొక్కటే తీశాడు. ఆమె వైపు చూడలేదు.

అరిచే ఓపిక ఆయనకు లేదు. మైకు పెదవుల దగ్గరికి తెచ్చుకుని, తనలో తాను అనుకున్నట్టు మెల్లగా మాట్లాడాడు.

"గురుస్వామి మామా. పంపకాలు అక్కరలేదు. నా తమ్ముడు దొంగ కాదు. ఇంట్లోనే ఉంటాడు, ఆ పిల్లా ఉంటాది, మిషనూ ఉంటాది."

ఆ గొంతు ఇసుక బయలంతా పరుచుకుంది. ఎక్కడా చీలలేదు. ఎక్కడా గరగర లేదు. నిండుగా, చల్లగా, పెళ్లైన కొత్తలో దీపం ఆర్పాక ఆమె ఒక్కతే విన్న గొంతు. బండి నీడలోని ముసలాయన ఒకడు కళ్లు మూసుకున్నాడు. మహానంది నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. సుబ్బరత్నమ్మ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. తాను వడ్డాణం ఇచ్చింది ఈ గొంతు కోసమే. వచ్చింది, అనుకున్నట్టే వచ్చింది.

"నా చేతిలో చెయ్యేసి, నేను రాదనుకోకముందే నా గొంతు రాదనుకున్న మనిషి ఒకతె ఉండాది" అంది ఆ గొంతు. "ఆమెను పుట్టింటికి ఎప్పుడు పంపాలో, ఆ మాట మాట్లాడుదాం పా, మామా."

మైకు బల్ల మీద పెట్టి, ఇసుకలోకి నడిచాడు.

ఆ మాటకు అర్థం సుబ్బరత్నమ్మకు వెంటనే అందలేదు. ఇంకొక్క ముక్క మాట్లాడతాడేమోనని, బాకాల వైపు తల తిప్పి ఇంకా వింటూనే నిలబడింది.